పసుపు కుంకుమల కింద రెండెకరాలు

తెలుగింటి చరిత్ర – 14

గత వారం కథను గురజాడ లెక్కల దగ్గర ఆపాం. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో అచ్చయినప్పుడు ఆయన దానికి ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళపాటు జరిగిన శుల్క వివాహాలకు విజయనగరం మహారాజు జాబితా తీయించారనీ, 1,034 పెళ్ళిళ్ళు తేలాయనీ అందులో చెప్పారు. ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు.

ఆ సొమ్ము పిల్ల తండ్రి మొలలో చేరింది. 1921లో కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ వచ్చేనాటికి సొమ్ము నడక తిరగబడింది. ఇప్పుడు పెళ్ళికొడుకు తండ్రి మొలలో చేరుతోంది. పాతికేళ్ళలో ఇంత మార్పా అనిపిస్తుంది గానీ, రెండు బేరాల్లోనూ పిల్ల చేతికి వచ్చింది ఒక్కటే: ఏమీ లేదు.

ఈ వారం ఆ చేతి సంగతి చెప్పుకుందాం. తెలుగింటి ఆడమనిషి ‘ఇది నాది’ అనుకుని, అవసరమొస్తే ఎవరినీ అడక్కుండా అమ్ముకోగల పొలమో ఇల్లో ఎప్పుడు సంపాదించుకుంది? ఎవరెవరు అడ్డం పడ్డారు? స్త్రీ గురించి ఒక సమాజం ఏమనుకునేదో తెలుసుకోవడానికి పద్యాలూ ఉపన్యాసాలూ చదివితే చాలదని నా నమ్మకం. పద్యంలో ఆమెను దేవతను చేయడానికి దమ్మిడీ ఖర్చు లేదు. సర్వే నంబరు వేసి రాసివ్వాల్సి వచ్చినప్పుడే అసలు అభిప్రాయం బయటపడుతుంది.

నాలుగో వంతు ఏమైంది?

మన ప్రాంతపు హిందూ కుటుంబాలకు ఆస్తి వ్యవహారాల్లో ప్రమాణం ‘మితాక్షర’. కల్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్య అది. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తన ‘దశకుమార చరిత్ర’ను నెల్లూరి తిక్కనకు అంకితమిచ్చిన కేతనే ఈయన. నెల్లూరు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికి రావాల్సిన పని ఉంది.

మితాక్షర ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంది, కూతురికి లేదు. అంతవరకూ అందరికీ తెలిసిందే. అయితే తర్వాతి కోర్టులు చూపించినంత కఠినుడు కాడు విజ్ఞానేశ్వరుడు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెళ్ళికాని తోబుట్టువుకు నాలుగో వంతు ఇవ్వాలని స్మృతి చెబుతుంది. అది ఉత్త పెళ్ళి ఖర్చేనని కొందరు వాదించారు. కాదు, అది వాటాయేనని ఆయన పట్టుబట్టాడు. స్త్రీధనమంటే పెళ్ళినాటి నగలూ చీరలూ మాత్రమే కాదనీ, కొనుక్కున్నదీ, వారసత్వంగా వచ్చిందీ, పంపకంలో వచ్చిందీ అంతా స్త్రీధనమేననీ రాశాడు. పుస్తకంలో ఇంత చోటు ఉంది. ఇళ్ళలో మాత్రం ఆ నాలుగో వంతు చల్లగా పెళ్ళి ఖర్చుగా మారిపోయింది. ‘నీ పెళ్ళికి పెట్టాం కదమ్మా’ అన్న మాట నేటికీ మనం వింటున్నాం. దాని వయసు తక్కువేం కాదు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళ చేతిలో ఏమీ లేదనీ అనలేం. కాకతీయుల నాటి శాసనాల్లో గుళ్ళకు దానాలిచ్చిన స్త్రీల పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. గణపతిదేవుడి కూతురు గణపాంబ, భర్త కోట బేతరాజు పోయాక ధరణికోట సీమను తనే ఏలింది. గుంటూరు జిల్లా యనమదల శాసనం ఆమెదే. రాజుల ఇళ్ళ సంగతి వేరు అంటారా? నిజమే. అందుకే ఆ శాసనాలు చూసి మురిసిపోయి ‘ప్రాచీన కాలంలో మన స్త్రీలు స్వతంత్రులు’ అని రాసేవారితో నేను ఏకీభవించను. ఒక గణపాంబ పేరు రాతి మీద మిగిలింది. ఆమె ఊళ్ళో నాగలి వెనక నడిచి విత్తనాలు జల్లిన మనిషి పేరు ఎక్కడా లేదు.

బందరు నుంచి లండన్‌కు

ఇంగ్లీషు కోర్టులు వచ్చేసరికి సామాన్య గృహిణికి భూమి చేతికొచ్చే దారి దాదాపు ఒక్కటే మిగిలింది. భర్త పోవాలి. కొడుకులు ఉండకూడదు. భర్త అప్పటికే అన్నదమ్ముల నుంచి వేరుపడి ఉండాలి. ఈ మూడూ కుదిరితే ఆస్తి విధవకు వస్తుంది. అలా వచ్చింది మాత్రం ఆమెదేనా?

1861లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దీనికి జవాబు చెప్పింది. మచిలీపట్నం కలెక్టరుకూ కావలి వెంకట నారాయణప్పకూ మధ్య నడిచిన వ్యాజ్యం అది. విధవ పోయాక వారసులెవరూ మిగల్లేదు కాబట్టి ఆస్తి తనదంది సర్కారు. ఆమె బతికి ఉండగా ఆ ఆస్తి మీద రాసిచ్చిన కాగితాలకు సర్కారు కట్టుబడాలా? అవసరం కొద్దీ రాసిందని రుజువైతే తప్ప అక్కర్లేదని తీర్పు వచ్చింది. విధవ హక్కుకున్న పరిమితి దాయాదుల కోసం పెట్టింది కాదట. ఆ హక్కు పుట్టడమే పరిమితితో పుట్టిందట. అంటే, అభ్యంతరం చెప్పగల దాయాది భూమ్మీద ఒక్కడూ లేకపోయినా ఆమె అమ్మడానికి వీల్లేదు. మగవాడు లేనిచోట సర్కారు వచ్చి ఆ మగవాడి కుర్చీలో కూర్చుంది. 1860ల్లోనే వచ్చిన మరికొన్ని తీర్పులు, భర్త నుంచి సంక్రమించిన ఆస్తి స్త్రీధనం కాదని తేల్చాయి. విజ్ఞానేశ్వరుడు కాదనని దాన్ని బిలాతీ న్యాయమూర్తులు కాదన్నారు. ‘మన ఆచారాలే మన ఆడవాళ్ళను అణచాయి, ఇంగ్లీషువాళ్ళు వచ్చి విడిపించారు’ అన్న పాఠం చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం. ఆస్తి దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం సగమే నిజం.

కొడుకు లేని తండ్రి తన బతుకులో చేసుకున్న ఏర్పాటు చూస్తే ఇంకా విచిత్రం. మన రెడ్డి, కమ్మ కుటుంబాల్లోని ఇల్లరికాన్ని మద్రాసు రాజధానిలోని కోర్టులు ఆచారంగా గుర్తించాయి. ఆస్తిలో వాటా ఇస్తానన్న ఒప్పందం మీద తెచ్చుకున్న అల్లుడు మామగారికి కొడుకుతో సమానం. తర్వాత మామగారికి సొంత కొడుకు పుట్టినా అతని వాటా పోదు. పుట్టింట్లో అతనికున్న హక్కూ పోదు. కూతురనే మనిషి లేకపోతే ఈ అల్లుడే లేడు. అయినా పరాయి ఇంటి నుంచి వచ్చిన అతని పేరు కాగితమెక్కింది. అదే ఇంట్లో పుట్టిన ఆమె పేరు ఎక్కలేదు.

మనసున్న తండ్రులు లేకపోలేదు. కోస్తా జిల్లాల్లో కూతురికి పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో ఇవ్వడం చాలా ఇళ్ళలో ఉన్నదే. పెళ్ళి పీటల మీద పదిమందిలో చెప్పిన మాటకు ఊళ్ళో విలువ ఉండేది. కోర్టులో ఉండేది కాదు. రిజిస్టరు కాని పసుపు కుంకుమల కాగితం పట్టుకుని న్యాయస్థానానికి వెళ్ళిన ఆడపడుచులకు చాలాసార్లు చుక్కెదురైంది. ఆ పొలం శిస్తు మామగారి పేరున, ఆ తర్వాత భర్త పేరున సాగిపోవడమూ మామూలే.

ఈ మొత్తం వ్యవస్థకు ఎదురుగా ఒక మినహాయింపు మన కళ్ళ ముందే ఉండేది. కళావంతులు, దేవదాసీల ఇళ్ళలో ఆస్తి తల్లి నుంచి కూతురికి నడిచేది. కూతుర్ని దత్తత చేసుకోవడాన్ని మద్రాసు హైకోర్టు సైతం ఆచారంగా ఒప్పుకుంది. సంసారి స్త్రీ గజం నేల అమ్మలేని రోజుల్లో బెంగుళూరు నాగరత్నమ్మ తన సొంత సంపాదనతో తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి మీద గుడి కట్టించింది. 1925లో కుంభాభిషేకం జరిపించింది. కట్టించిన గుడి ముందు జరిగే ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదన్నారు. ఆమె ఆడవాళ్ళతో వేరే ఆరాధన పెట్టించింది. చేతిలో డబ్బున్న మనిషి చేసే పనిలా లేదూ ఇది?

పసిపిల్లల్ని గుడికి అంకితమివ్వడాన్ని ఆపాలన్న సంస్కర్తల వాదన న్యాయమైనదే. 1947లో మద్రాసు చట్టసభ దాన్ని నిషేధించింది. ఆ పద్ధతిలోని చెడుగుతో పాటు ఆడదాని చేతిలో ఉన్న ఆస్తి కూడా చెడుగుగానే లెక్కకొచ్చింది. తల్లి నుంచి కూతురికి ఆస్తి నడిచే ఆ పద్ధతిని సంసారుల ఇళ్ళకు తెద్దామన్న మాట నాటి సంస్కరణోద్యమపు ముఖ్యమైన కోర్కెల్లో కనబడదు.

ఇస్తూనే వెనక్కి లాగిన చట్టాలు

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం గురించి ఈ ధారావాహికలో వివరంగానే చెప్పుకున్నాం. పెళ్ళికూతురు గౌరమ్మ, పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు, వంటవాళ్ళు నీళ్ళవాళ్ళు రాకపోతే గోదావరి నుంచి బిందెలు మోసిన వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ, డబ్బు సర్దిన కాకినాడ పైడా రామకృష్ణయ్య. అప్పుడు వదిలేసిన ఒక ముక్క ఇక్కడ చెప్పాలి. ఆ పెళ్ళికి ఆధారమైన 1856 చట్టంలో రెండో సెక్షన్ ఒకటుంది. మళ్ళీ పెళ్ళి చేసుకున్న విధవకు మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కు, ఆమె అప్పుడే చనిపోయినట్టుగా, పక్క వారసులకు వెళ్ళిపోతుంది. భూమి కావాలంటే తెల్లచీర, బొట్టు కావాలంటే భూమి వదులుకో. నాలుగెకరాల మీద జీవితకాలపు హక్కున్న విధవలు రెండో పెళ్ళికి ఎందుకు ముందుకు రాలేదన్నదానికి శాస్త్రాల భయం ఒక్కటే కారణమని నేను అనుకోను.

1937లో జి.వి. దేశ్‌ముఖ్ తెచ్చిన చట్టం విధవకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. మంచిదే. ఆయన మొదటి బిల్లులో కూతుళ్ళకు కూడా హక్కు ఉండేది. చట్టసభ దాటేలోపు అది రాలిపోయింది. విధవకు ఇచ్చిందీ పాత జీవితకాలపు హక్కే. పైగా వ్యవసాయ భూమి రాష్ట్రాల పరిధిలోని విషయం కాబట్టి ఈ చట్టం పొలాలకు వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పింది. పల్లెల్లో పొలం కాక ఆస్తి ఇంకేముంటుంది? మద్రాసు రాష్ట్రం దీన్ని పొలాలకు విస్తరించేసరికి 1947 వచ్చింది. (ముస్లిం ఇంటి ఆడపిల్లకు షరీయత్ ప్రకారం అన్నదమ్ముడి వాటాలో సగం ఉంది. కానీ అదే 1937లో వచ్చిన షరీయత్ చట్టం కూడా వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. పొలం గట్టు దగ్గరికి వచ్చేసరికి మతాలకు తేడా లేదు.)

ఈ మెలికలన్నీ కలిసి ఒక మనిషి జీవితంలో ఎలా పనిచేశాయో చూపించే కేసు ఒకటుంది. ఆస్తి తగాదాలు చూసే ఏ వకీలునడిగినా ‘తులశమ్మ కేసు’ అంటారు. ఇప్పుడు నెల్లూరుకు పోదాం.

వడ్డెబోయిన వెంకటసుబ్బారెడ్డి 1931లో చనిపోయాడు. సవతి సోదరుడు శేషారెడ్డితో ఉమ్మడిలో ఉండగా పోయాడు కాబట్టి ఆస్తి శేషారెడ్డికి నిలిచింది. భార్య తులశమ్మకు మిగిలింది మనోవర్తి, అంటే కూడూ గుడ్డా అడిగే హక్కు. 1937 చట్టం ఆమెకు పనికిరాలేదు, భర్త ఆరేళ్ళు ముందే పోయాడు కదా. 1944 అక్టోబర్ 11న ఆమె నెల్లూరు జిల్లా మునసబు కోర్టులో మనోవర్తి కోసం పాపర్ దావా వేసింది. కోర్టు ఫీజు కట్టుకునే స్తోమతు లేనివాళ్ళు వేసే దావా అది. భూమి ఉన్న ఇంటి కోడలు నిరుపేదనని రాసిచ్చి కోర్టు మెట్లెక్కింది. 1946 జూన్‌లో డిక్రీ వచ్చింది. ఆ తర్వాత శేషారెడ్డి, మేం అంతకుముందే బయట రాజీపడ్డామంటూ ఒక అర్జీ పెట్టాడు. తులశమ్మ కాదంది. అర్జీ కొట్టేశారు. అప్పీలూ పోయింది. డిక్రీ అమలుకు పెట్టాక 1949 జులై 30న నిజంగానే రాజీ కుదిరింది. కొంత ఆస్తి తులశమ్మ స్వాధీనం చేశారు. షరతులు మామూలువే. బతికినంత కాలం అనుభవించాలి, అమ్మకూడదు, ఆమె తదనంతరం శేషారెడ్డికి చెందాలి.

ఈలోగా ఢిల్లీలో పెద్ద యుద్ధమే నడిచింది. బి.ఎన్. రావు కమిటీ తయారు చేసిన హిందూ కోడ్ ముసాయిదా కూతురికి కొడుకు వాటాలో సగం ఇవ్వమంది. అంబేద్కర్ చేతిలో అది సమాన వాటా అయింది. రాజేంద్రప్రసాద్ వంటి పెద్దలు ఎదురు తిరిగారు. రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళై, ఊహ తెలిశాక ఆ పెళ్ళి నుంచి బయటికి నడిచొచ్చిన దుర్గాబాయి రాజ్యాంగసభలో బిల్లు పక్షాన నిలబడి వాదించింది. బిల్లు ముందుకు సాగక 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఎన్నికల తర్వాత దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ గట్టెక్కించారు. ఆ ముక్కల్లో ఒకటి హిందూ వారసత్వ చట్టం. 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది.

దాని పద్నాలుగో సెక్షన్ విధవల పాలిటి విడుదల పత్రం. మనోవర్తికి బదులుగా వచ్చినదైనా సరే, స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఇక ఆమే పూర్తి హక్కుదారు. తులశమ్మకు ఇంకేం కావాలి? 1960లో కొంత పొలం కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. అదే ఏడాది జులైలో శేషారెడ్డి మళ్ళీ నెల్లూరు మునసబు కోర్టుకు వెళ్ళాడు. ఆ బదిలీలు ఆమె బతికి ఉన్నంతవరకే చెల్లుతాయని ప్రకటించమన్నాడు. అతని వకీళ్ళకు చట్టంలోనే ఆయుధం దొరికింది. అదే సెక్షన్లో రెండో ఉపవిభాగం ఉంది. దానపత్రం, వీలునామా, కోర్టు డిక్రీ వంటివాటి ద్వారా పరిమిత హక్కుగా ఇచ్చిన ఆస్తి పరిమితంగానే ఉంటుందని అది చెబుతుంది. 1949 రాజీలో పరిమితి స్పష్టంగా రాసి ఉంది కదా? హైకోర్టు శేషారెడ్డి వాదనే ఒప్పుకుంది.

1977 మార్చి 17న సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. భర్త ఇంటి ఆస్తి నుంచి పోషణ పొందే హక్కు ఆమెకు పెళ్ళితోనే వచ్చింది, 1949 రాజీ కొత్తగా పుట్టించలేదు. ఉన్న హక్కుకు బదులుగా ఇచ్చిన పొలం కాబట్టి ఆమె పూర్తి యజమానురాలు. ఈ సెక్షన్ మాటల కూర్పు వకీళ్ళకు స్వర్గంగానూ కక్షిదారులకు అంతులేని దారిగానూ తయారైందని జస్టిస్ భగవతి ఆ తీర్పులోనే విసుక్కున్నారు. భర్త పోయిన 46 ఏళ్ళకు, పాపర్ దావా వేసిన 32 ఏళ్ళకు, తన పొలం తాను అమ్మడం తప్పు కాదని ఆమె రుజువు చేసుకోగలిగింది. ఆనాటి నుంచి దేశంలో ఏ మూల ఏ విధవ మనోవర్తి భూమి గురించి దావా వేసినా ఈ నెల్లూరు ఆవిడ పేరు చెప్పుకోవాల్సిందే. మన చరిత్ర పుస్తకాల్లో మాత్రం ఆమెకు ఒక్క వాక్యం లేదు.

ఇంతవరకూ చెప్పిందంతా పొలం ఉన్న ఇళ్ళ గొడవ. పొలమే లేని ఇళ్ళ ఆడవాళ్ళు ఏ చట్టం కోసమూ ఆగలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని చేసిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ ఎత్తుకుపోవాలని చూస్తే, సంఘం అండతో ఆ పంటను తన ఇంటికి చేర్చుకుంది. తెలంగాణ రైతాంగ పోరాటపు తొలి ఘట్టాల్లో అదొకటి. భూమి మీద స్త్రీ హక్కును ఆమె వారసత్వం నుంచి కాదు, చెమట నుంచి అడిగింది.

సెప్టెంబర్ 5కి ముందా, తర్వాతా?

1956 చట్టం కూతురికి తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానంగా ఇచ్చింది గానీ, పిత్రార్జితం జోలికి పూర్తిగా పోలేదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకు పుట్టుకతో వాటాదారు. కూతురికి వచ్చేది తండ్రి పోయాక, తండ్రి వాటాలోంచి ఒక ముక్క. తండ్రి ఇంటినైతే అన్నదమ్ములు పంచుకోదలిస్తే తప్ప పంచమని అడిగే హక్కు కూడా లేదు. పొలాలున్న తెలుగు కుటుంబాల్లో ఆస్తి అంటే ఎక్కువగా పిత్రార్జితమే. కాబట్టి మార్పు పుస్తకంలో పెద్దది, పొలంలో చిన్నది.

1973 భూపరిమితి చట్టం తీరు కూడా గమనించదగ్గదే. తండ్రి, తల్లి, మైనరు పిల్లలు కలిసి ఒక కుటుంబం. మేజరు కొడుకులుంటే వాళ్ళ లెక్కన అదనంగా భూమి ఉంచుకోవచ్చని తర్వాత సవరించారు. మేజరు కూతురికి అలాంటి లెక్క లేదు. భూమి పేదలకు పంచాలన్న ఉద్దేశంతో చేసిన చట్టానికి సైతం ఎదిగిన కూతురు కంటికి ఆనలేదు. అలాగని ఆడవాళ్ళ పేర్లు కాగితాల మీదికి రాలేదా అంటే, సీలింగు తప్పించుకోవడానికి భార్యల పేర్లూ అత్తగార్ల పేర్లూ బాగానే ఎక్కాయి. వేలిముద్ర వేసిన ఆవిడకు తన పేరున ఎంతుందో తెలియని ఇళ్ళు కోకొల్లలు.

అసలు మలుపు 1985. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చింది. చట్టం అంకె 1986వ సంవత్సరానిది, అమలు తేదీ మాత్రం 1985 సెప్టెంబర్ 5. ఉమ్మడి ఆస్తిలో కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో వాటాదారు అని అది చెప్పింది. కేరళ పదేళ్ళ ముందే ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసి వేరే దారి పట్టింది. ఉమ్మడిని ఉంచి కూతుర్ని లోపలికి పిలిచిన మొదటి రాష్ట్రం మాత్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారిన నడిచాయి. కేంద్రం 2005లో గానీ కదల్లేదు. విజ్ఞానేశ్వరుడు చెప్పకుండా వదిలేసిన మాటను తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ చెప్పింది. మన శాసనసభ చరిత్రలో ఇంతకంటే పెద్ద పని నాకు చప్పున తోచదు.

దీనికీ మెలిక ఉంది. సెప్టెంబర్ 5కి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు ఈ హక్కు వర్తించదు. అప్పటికే జరిగిన పంపకాలను కదపకూడదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు ఎండాకాలంలో పెళ్ళయితే వాటా లేదు, చెల్లికి మరుసటి మాఘంలో అయితే ఉంది. కోర్టుల్లో ‘పెళ్ళి ఏ తేదీన?’ అన్నది ప్రాణాధారమైన ప్రశ్న అయింది. పెళ్ళయిన కూతురు పరాయిదన్న మన పాత నమ్మకానికి చట్టం పెట్టిన చివరి నమస్కారం ఇది.

వరకట్నపు దురాచారం పోవాలన్న ఆశయాన్ని ఆ చట్టం పీఠికలోనే రాసుకుంది. వాటా ఇస్తే కట్నం పోతుందని ఆలోచన. లెక్క ప్రకారం సరైనదే. ఇళ్ళలో జరిగింది వేరు. కట్నం పోలేదు సరికదా, వాటా అడిగిన ఆడపడుచుకు చెప్పే జవాబుగా కొత్త ఉద్యోగంలో చేరింది: ‘నీ వాటా నీ కట్నంలోనే పోయింది.’ కట్నం ఎవరి చేతికి వెళ్ళిందో మొదట్లోనే చూశాం.

2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ దేశమంతటా కూతుర్ని వాటాదారును చేసింది. పెళ్ళి తేదీ మెలిక తీసేసింది, తండ్రి ఇంటిని పంచమని అడగకూడదన్న సెక్షన్ ఎత్తేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా వద్దా అని పదిహేనేళ్ళు కోర్టుల్లో తర్జనభర్జన సాగింది. అక్కర్లేదని, హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి తండ్రి ఉన్నా పోయినా ఒకటేనని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

చట్టం పని అక్కడితో దాదాపు ముగిసింది. ఇక మిగిలింది ఇల్లు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాలున్న రైతుల్లో స్త్రీలు దాదాపు 14 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఆ సగటుకు రెట్టింపు పైనే, తెలంగాణలోనూ సగటు కంటే బాగా ఎక్కువ. 1985కి ఇందులో కొంత వాటా ఉందనుకోవచ్చు. అయితే పాసు పుస్తకం మీద పేరున్నంత మాత్రాన ధాన్యం అమ్మిన డబ్బు ఆమె చేతికి వస్తోందని అనుకోవడానికి లేదు.

నేడు ఆడపడుచు హక్కును కాదనే పని ఏ విజ్ఞానేశ్వరుడూ ప్రివీ కౌన్సిలూ చేయడం లేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజు లేఖరి దగ్గర, హక్కు విడుదల కాగితం మీద, ఆమె చేతనే సంతకం పెట్టించి ఆ పని జరుపుతున్నారు. అన్నయ్యతో మాటా మంతీ పోతుందని, పండక్కి పిలిచే పుట్టిల్లు ఉండదని, సారె రాదని సంతకం చేసేవాళ్ళు ఎక్కువ. ‘మా చెల్లెలు బంగారం, ఒక్క మాట అనకుండా సంతకం పెట్టింది’ అని మెచ్చుకునే అన్నలు, తమ వాటా కింద బంగారం తీసుకుని భూమి వదిలేస్తారా అంటే ఎవరూ ముందుకు రారు. ప్రేమతో వదులుకునే హక్కు అందరికీ ఉంది. ఆ ప్రేమ ఎప్పుడూ ఒకే దిక్కుగా ప్రవహించడమే నాకు అనుమానం.

పాఠకులకు చివరగా ఒక మాట. 1985కి ముందు పెళ్ళయినవాళ్ళకు హక్కు లేదనే చాలా ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అది పాత మాట. ఉమ్మడి ఆస్తి పంపకం 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరయిన దస్తావేజు ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ జరిగి ఉండకపోతే, అప్పటికే ఎవరికైనా అమ్మేసి ఉండకపోతే, ఆ పెద్దక్కలకు కూడా నేడు వాటా ఉంది. మీ ఇంట్లో అలాంటి అమ్మో అత్తో ఉంటే ఇనప్పెట్టెలోని కాగితాలు తీసి తేదీలు చూడండి, ఆవిడకు చదివి వినిపించండి.

వచ్చే వారం: ఆడపిల్లల బడి.